దొరల సంస్కృతం, పండితుల చాకిరీ

కొన్నేళ్ళ కిందట ఒక సాహిత్య పాఠశాలలో వలసపాలన గురించి నేను ఉపన్యాసం ఇచ్చాను. విలియం జోన్స్ మొదలుకొని సంస్కృతం నేర్చిన ఇంగ్లీషు దొరలందరూ సామ్రాజ్యవాదపు ఏజెంట్లనీ, వాళ్ళ పాండిత్యం పరిపాలన కోసం పట్టిన వేషమనీ, అంతకు మించి వాళ్ళ గురించి చెప్పుకోవలసింది లేదనీ అన్నాను. చప్పట్లు కూడా బాగానే మోగాయి. తర్వాత ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక అమ్మాయి లేచి, “మాస్టారూ, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని మొదట అచ్చువేసి చెప్పింది ఎల్లిస్ అనే కలెక్టరు అని మా పాఠంలో ఉంది. ఆయన కూడా ఏజెంటేనా? ఏజెంటు చెప్పిన మాట మనకెందుకు పనికొచ్చింది?” అని అడిగింది. నేనేదో సమాధానం చెప్పాను. అది సమాధానం కాదని ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చడానికి రాస్తున్నాను.

ఈ విషయంలో మన సాహిత్య విమర్శలో రెండు ధోరణులు పాతుకుపోయాయి. ఒకటి భక్తి. జోన్స్ లేకపోతే కాళిదాసు ప్రపంచానికి తెలిసేవాడు కాడనీ, బ్రౌన్ లేకపోతే తెలుగు సాహిత్యమే మిగిలేది కాదనీ చేతులు జోడించడం. సంస్కృతం గ్రీకు కంటె సమగ్రమని జోన్స్ దొరే ఒప్పుకున్నాడని మురిసిపోయే పునరుద్ధరణవాదులు కూడా ఈ భక్తబృందంలోని వారే. తమ ప్రాచీన వైభవానికి తెల్లదొర సంతకం లేనిదే వారికి తృప్తి ఉండదు. రెండోది తిరస్కారం. ఇది మనవాళ్ళలో ఎక్కువ. 1978లో ఎడ్వర్డ్ సయీద్ పుస్తకం వచ్చాక దీనికి సిద్ధాంత బలం కూడా చేకూరింది. నా ఉపన్యాసం ఈ రెండో కోవకు చెందింది. ఈ రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్న దోషం ఒకటుంది. రెండూ దొరను మాత్రమే చూస్తాయి. ఒకరు ఆయన్ని దేవుణ్ణి చేస్తారు, ఇంకొకరు దయ్యాన్ని చేస్తారు. ఆయన పక్కన కూర్చుని పాఠం చెప్పిన మనిషి మాత్రం ఇద్దరికీ కనిపించడు.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ కాలేజీ ప్రార్థనా మందిరంలో జోన్స్ స్మారక శిల్పం ఉంది. ఫ్లాక్స్‌మన్ అనే ప్రసిద్ధ శిల్పి చెక్కాడు. దాని ఫొటో చాలాసేపు చూశాను. జోన్స్ బల్ల ముందు కూర్చుని రాస్తుంటాడు. ఎదురుగా, ఆయనకంటె కిందుగా, ముగ్గురు పండితులు నేలమీద కూర్చుని ఉంటారు. వాస్తవానికి వాళ్ళు చెబుతుంటే ఆయన రాసుకున్నాడు. శిల్పం చూసినవాడికి మాత్రం ఆయన ధర్మశాస్త్రం ప్రసాదిస్తుంటే వాళ్ళు వింటున్నట్టుంటుంది. అనువాదానికీ వలసపాలనకూ ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తూ 1992లో పుస్తకం రాసిన తేజస్విని నిరంజన ఈ శిల్పాన్ని ప్రస్తావించారు. ఈ దొరల జీవిత చరిత్రలన్నీ నాకు ఆ శిల్పంలాగే కనిపిస్తాయి. ఎవరు కుర్చీలో ఉన్నారో, ఎవరు నేలమీద ఉన్నారో అవి ముందే నిర్ణయించుకుని రాసినవి.

వీళ్ళు సంస్కృతం ఎందుకు నేర్చుకున్నారు అన్న ప్రశ్న దగ్గర మొదలుపెడదాం. దీనికి జవాబు కవిత్వంలో లేదు, కచేరీలో ఉంది. 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్ న్యాయపాలన పథకం తయారుచేశాడు. వారసత్వం, వివాహం, కులం మొదలైన వ్యవహారాల్లో హిందువులకు శాస్త్రం ప్రకారం, ముస్లిములకు ఖురాన్ ప్రకారం తీర్పు చెప్పాలని అందులో ఉంది. శాస్త్రం ప్రకారం తీర్పు చెప్పాలంటే శాస్త్రమేమిటో తెలియాలి. అందుకోసం పదకొండుమంది పండితుల్ని కూర్చోబెట్టి ఒక సంకలనం చేయించారు. దాన్ని సంస్కృతం నుంచి పారశీకంలోకి మార్చారు. పారశీకం నుంచి ఇంగ్లీషులోకి హాల్‌హెడ్ అనే కుర్రవాడు అనువదించాడు. అతనికి సంస్కృతం రాదు. ఆ పుస్తకం 1776లో లండన్‌లో అచ్చయింది. మూడు చేతులు మారిన ఆ పుస్తకంతో న్యాయం చెప్పడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

1783లో కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా వచ్చిన జోన్స్‌కు ఈ ప్రమాదం తెలుసు. ఆయన బాధ అంతకంటె ముందుకు పోయింది. పండితుల దయ మీద తాను ఆధారపడవలసి రావడం ఆయనకు సహించలేదు. వాళ్ళు ఇష్టం వచ్చినట్టు శాస్త్రం చెబుతారని అనుమానం. ఆ సంగతి తన ఉత్తరాల్లో దాపరికం లేకుండా రాసుకున్నాడు. అంటే ఆయన సంస్కృతాభ్యాసానికి తొలి ప్రేరణ గౌరవం కాదు, అపనమ్మకం. 1784 జనవరి 15న ఏషియాటిక్ సొసైటీ స్థాపించేనాటికి ఆయనకు సంస్కృతం రాదు. మరుసటి ఏడు కృష్ణనగర్ చేరి గురువు కోసం వెతికాడు. మ్లేచ్ఛుడికి దేవభాష చెప్పడానికి బ్రాహ్మణులు ఒప్పుకోలేదు. చివరికి రామలోచనుడనే వైద్య కులస్థుడు పాఠం చెప్పాడు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. వేదం వింటే శూద్రుడి చెవిలో సీసం పొయ్యమన్న వ్యవస్థ తన తలుపు దొరకు కూడా వేసింది. ఆ తలుపు ఓరగా తెరిచింది బ్రాహ్మణేతరుడు. ప్రపంచ భాషాశాస్త్రాన్ని మలుపు తిప్పినదని చెప్పే 1786 ఫిబ్రవరి 2 నాటి ఉపన్యాసం, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్న ఆ ఊహ, రామలోచనుడి పాఠాలు మొదలైన కొద్ది నెలలకే వెలువడింది. జోన్స్ జీవితంలో ప్రతి ఉత్తరానికీ తేదీ ఉంది. రామలోచనుడు ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర చదివాడు, ఎప్పుడు పోయాడు అని అడిగితే జీవిత చరిత్రల్లో ఒక వాక్యం, మహా అయితే రెండు.

ఇంకో సంగతి. ఈ భాషల పోలికను గమనించిన మొదటివాడు కూడా జోన్స్ కాదు. పుదుచ్చేరిలో ఉన్న కూర్దూ అనే ఫ్రెంచి మతగురువు 1767లోనే దీన్ని పారిస్ పండితులకు రాసి పంపాడు. ఆయన తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. ఆయన రాసింది అచ్చుకెక్కింది 1808లో. అప్పటికి దేశం ఇంగ్లీషువాళ్ళదైంది, కీర్తి కూడా వాళ్ళదే అయింది.

జోన్స్‌ను ఉత్త కపటి అనుకుంటే మాత్రం మనకేమీ అర్థం కాదు. ఆయన ఇంగ్లండులో ఉన్నప్పుడు అభ్యుదయవాది. అమెరికా స్వాతంత్ర్యాన్ని సమర్థించాడు. ప్రభుత్వానికి ప్రజల అంగీకారమే పునాది అని 1782లో ఒక సంభాషణ రాస్తే, దాన్ని అచ్చువేసినందుకు ఆయన బావమరిది మీద రాజద్రోహ నేరం మోపారు. అటువంటి మనిషి కలకత్తా వచ్చాక, భారతీయులు రాజకీయ స్వేచ్ఛకు తగరనీ, వాళ్ళను నిరంకుశంగానే పాలించాలనీ నమ్మాడు. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే బుర్రలో ఎలా ఇమిడాయి? సముద్రం దాటగానే మనిషి మారలేదు, అతను నిలబడిన చోటు మారింది. లండన్‌లో ఆయన అధికారాన్ని ప్రశ్నించేవాడు, కలకత్తాలో ఆయనే అధికారం. సాహిత్య విద్యార్థులు రచయితల విషయంలో కూడా గుర్తుపెట్టుకోవలసిన సత్యమిది. వ్యక్తి సద్బుద్ధి అతని స్థానాన్ని దానంతటదే జయించదు.

ఆయన మొదటి జీవిత చరిత్ర 1804లో వచ్చింది. రాసినవాడు జాన్ షోర్, గవర్నర్ జనరల్‌గా చేసినవాడు. మిత్రుడి రాజకీయాలను వీలైనంత మెత్తబరచి, దైవభక్తిని ముందుకు తెచ్చాడు. కోల్‌బ్రూక్ జీవితం రాసినవాడు ఆయన కొడుకే. ఈ చరిత్రలు ఎవరి ఇంట్లో పుట్టాయో దీన్నిబట్టే ఊహించవచ్చు.

జోన్స్ 1789లో శాకుంతలం అనువదించాడు. అది జర్మనీదాకా పోయి గేటేను ఆనందపరవశుణ్ణి చేసింది. మన పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. కాని ఆయన తన జీవితకార్యం అనుకున్నది నాటకం కాదు, స్మృతి. రోముకు జస్టీనియన్ చేసినట్టు హిందూ దేశానికి తాను ధర్మసంహిత ఇవ్వాలనుకున్నాడు. 1788లో కారన్‌వాలిస్‌కు ప్రతిపాదన పంపి ఒప్పించాడు. వృద్ధుడైన జగన్నాథ తర్కపంచాననుడు వివాదభంగార్ణవం సంకలనం చేశాడు. జోన్స్ 1794లో మనుస్మృతి అనువాదం వెలువరించి, ఆ ఏప్రిల్‌లోనే చనిపోయాడు. జగన్నాథుడి గ్రంథాన్ని కోల్‌బ్రూక్ ఇంగ్లీషు చేశాడు. లండన్ సెయింట్ పాల్ చర్చిలో కంపెనీవారు పెట్టించిన జోన్స్ విగ్రహం చెయ్యి ఆనించింది కాళిదాసు మీద కాదు, మనువు మీద.

దీని ఫలితం ఏమిటి? అంతకుముందు మనుస్మృతి అనేక స్మృతుల్లో ఒకటి. దానికి వ్యాఖ్యానాలు, వాటిలో భేదాలు, వాటన్నిటికీ పైన కులాచారం, దేశాచారం ఉండేవి. అచ్చుపుస్తకమై న్యాయమూర్తి బల్లమీదికి వచ్చాక దాని బలం వేరైంది. ఎన్నడూ మనువు పేరు వినని కులాలవాళ్ళ ఆస్తి తగాదాలకు కూడా సంస్కృత శ్లోకం ప్రమాణమయింది. ఇది నేనంటున్న మాట కాదు. మద్రాసు రాష్ట్రంలో సివిలు ఉద్యోగి, జడ్జీ అయిన నెల్సన్ 1877లో పుస్తకం రాసి, హైకోర్టు హిందూ లా పేరుతో అమలు చేస్తున్నది ఇక్కడి అత్యధిక జనానికి చెందని శాస్త్రమని మొత్తుకున్నాడు. కోర్టుల్లో శాస్త్రం చెప్పే పండితుల ఉద్యోగాలు 1864లో రద్దయ్యాయి. పండితుణ్ణి పంపించి శ్లోకాన్ని ఉంచుకున్నారు. దొర అపనమ్మకం ఆ విధంగా తీరింది. మనువుకు మాత్రం ముందెన్నడూ లేనంత విస్తారమైన పరిధి దక్కింది. మన పండితవర్గానికీ ఇందులో నష్టం లేదు. వలస ప్రభుత్వమూ, భూస్వామ్య బ్రాహ్మణ భావజాలమూ ఈ చోట చేతులు కలిపాయి.

ఇక కోల్‌బ్రూక్, విల్సన్‌ల గురించి ఎక్కువ చెప్పను. కోల్‌బ్రూక్ తండ్రి కంపెనీ డైరెక్టర్ల అధ్యక్షుడు. కొడుకు తీర్హుత్‌లో రెవెన్యూ ఉద్యోగిగా మొదలై, 1805లో వేదాల మీద వ్యాసం రాసి, 1819లో తన తాళపత్ర, లిఖిత గ్రంథాలన్నీ కంపెనీ లైబ్రరీకి ఇచ్చాడు. విల్సన్ డాక్టరుగా వచ్చి, 1813లో మేఘదూతం అనువదించి, 1819లో నిఘంటువు వేశాడు. ఆయన 1832లో ఆక్స్‌ఫర్డ్‌లో అలంకరించిన సంస్కృతాచార్య పీఠం బోడెన్ అనే సైనికాధికారి వీలునామా డబ్బుతో వెలసింది. హిందువులను క్రైస్తవంలోకి మార్చడానికి సంస్కృతం ఉపకరిస్తుందన్నది ఆ దాత ఉద్దేశం. కోర్టు, కచేరీ, చర్చి, ఈ మూడింటి అవసరమే ఈ పాండిత్యానికి జీతం ఇచ్చిందన్న మాట.

ఇంతవరకూ నా పాత ఉపన్యాసం నిలబడుతుంది. ఎల్లిస్ దగ్గర నిలబడదు.

ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1777లో పుట్టాడు. మద్రాసు కలెక్టరు. 1812లో మొదలైన ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీకి ప్రాణం ఆయనే. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు ఉద్యోగులకు దేశభాషలు నేర్పడం దాని పని. ఆయనా పరిపాలకుడే. 1818లో మిరాసీ భూముల హక్కు గురించి రాసినవాడే. సంస్కృతం, తమిళం, తెలుగు చదివాడు. అప్పటికి కలకత్తా దొరలందరిదీ ఒకే మాట. దేశభాషలన్నీ సంస్కృతం బిడ్డలన్నారు. కేరీ 1814లో వేసిన తెలుగు వ్యాకరణంలో అదే రాశాడు. మన పండితులదీ అదే మాట. నేను బడిలో చదివేటప్పుడు మా తెలుగు మాస్టారు కూడా “సంస్కృతం తల్లి, తెలుగు కూతురు” అనే చెప్పారు. నేను నమ్మాను. కాదన్నవాణ్ణి కొట్టబోయాను కూడా.

1816లో క్యాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ ఒక పీఠిక చేర్చాడు. అందులో తెలుగు, తమిళం, కన్నడం మొదలైనవి వేరే కుటుంబమని, సంస్కృత పదాలు తర్వాత వచ్చి చేరినవని నిరూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం రావడానికి ఇంకా నలభై ఏళ్ళుంది. ఎలా నిరూపించాడన్నదే మనకు ముఖ్యం. సంస్కృత ధాతువులూ తెలుగు ధాతువులూ పక్కపక్కన పెట్టి పోలిక లేదని చూపాడు. తర్వాత తెలుగు, తమిళ, కన్నడ ధాతువులు పక్కపక్కన పెట్టి పోలిక చూపాడు. ఆ తెలుగు ధాతువుల పట్టిక ఎక్కడిది? కాలేజీలో తెలుగు పండితుడైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుమాల. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అనే విభజన ఎక్కడిది? మన వ్యాకర్తలది. దాన్ని ఎల్లిస్ ఎత్తుకున్నది మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక పీఠిక నుంచి. మామిడి వెంకయ్య మచిలీపట్నం వర్తకుడు, వైశ్యుడు.

ఇప్పుడు రామలోచనుణ్ణి మళ్ళీ గుర్తు చేసుకోండి. అక్కడ వైద్య కులస్థుడు, ఇక్కడ కోమటి. జ్ఞానం మీద గుత్తాధిపత్యం ఉన్నచోట, ఆ గుత్తకు బయటో, దాని అంచునో ఉన్నవాళ్ళ చేతి మీదుగానే కొత్త మాట పుట్టింది. దేశ్యం అనే మాట మన వ్యాకరణాల్లో వందల ఏళ్ళుగా ఉంది. సంస్కృతంతో సంబంధం లేని మాటలు మన భాషలో ఉన్నాయని మనవాళ్ళకు తెలుసు. అయినా అవి భాషకు పునాది అని అనలేకపోయారు. సంస్కృతం మీది భక్తి వాళ్ళ నోరు కట్టేసింది. ఆ భక్తి లేని ఎల్లిస్ వాళ్ళ పనిముట్లతోనే వాళ్ళు చెప్పలేని మాట చెప్పాడు. కనుక ఆ నిరూపణ ఎల్లిస్ ఒక్కడిదీ కాదు, పండితులదీ కాదు. ఇద్దరూ కలిస్తేనే అది పుట్టింది. ఆ కలయికలో జీతమిచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాళ్ళు ఇంకొకరు అన్న సంగతి కూడా దానితోపాటే చెప్పాలి. అమెరికా చరిత్రకారుడు థామస్ ట్రౌట్‌మన్ 2006లో వెలువరించిన పుస్తకం ఈ మద్రాసు కథను వివరంగా చెప్పింది. మన విశ్వవిద్యాలయాల్లో ఆ పని ముందే జరిగి ఉండవలసింది.

ఎల్లిస్ నలభై ఏళ్ళు నిండేదాకా పెద్ద గ్రంథమేదీ ప్రచురించకూడదని నియమం పెట్టుకున్నాడట. 1819లో రామనాథపురంలో పొరపాటున విషం తిని నలభై ఒకటో ఏట చనిపోయాడు. ఆయన కాగితాలు చాలావరకు ఒక దొర ఇంటి వంటశాలలో పొయ్యి రాజేయడానికి పోయాయని చెబుతారు. అందుకే ఆయన పేరు పక్కన పెద్ద జీవిత చరిత్ర లేదు. ఈ విషయంలో మాత్రం ఆయన తన పండితుల వరసలో చేరాడు.

మన ఏలూరు కావలి సోదరుల కథ ఇంకా చేదుగా ఉంటుంది. కాలిన్ మెకంజీకి దేశభాషలు రావు. బొర్రయ్య దొరికాక తనకు దేశం కనిపించిందని ఆయనే రాశాడు. బొర్రయ్య 1803లో చిన్నవయసులో పోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకున్నాడు. ఊరూరా కైఫీయతులు రాయించారు, శాసనాలకు నకళ్ళు తీయించారు. విల్సన్ 1828లో వేసిన జాబితా ప్రకారం 1,568 గ్రంథాలు, 8,076 శాసన ప్రతులు. 1821లో మెకంజీ పోయాక కంపెనీ ఆ భాండాగారాన్ని కొన్నది. పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్ ఆయన అర్హత చాలదన్నాడు. ఆ పని టేలర్ అనే మతగురువు చేతికి పోయింది. పోగుచేసినవాడికి, పోగుచేసినదాన్ని చదివి అర్థం చెప్పే హక్కు లేదట! వలస పాండిత్యపు శ్రమవిభజన ఇంత నగ్నంగా ఇంకెక్కడా కనిపించదు. ముడిపదార్థం మనది, తయారీ వాళ్ళది. పత్తికి జరిగిందే పదానికీ జరిగింది.

బ్రౌన్ గురించి ఒక్కమాట. ఆయన కూడా సంస్కృత ఛందస్సు చదివి పుస్తకం రాసినవాడే. కాని పండితులు మెచ్చినవాటితో ఆగకుండా వాళ్ళు చీదరించుకున్న వేమనను పట్టుకుని 1829లో అచ్చువేశాడు. పండితుడికి లోబడని దొర ఒకచోట మనువును జనం నెత్తిన పెట్టాడు. ఇంకోచోట అటువంటి దొరే వేమనను జనం చేతికి తిరిగి ఇచ్చాడు. జూలూరి అప్పయ్య వంటి పండితులు, పేరు తెలియని లేఖకులు ఆ పని వెనక ఉన్నారు. బ్రౌన్ తన సాహిత్య జీవితం తానే రాసుకున్నాడు. అప్పయ్య రాసుకోలేదు. కడపలో బ్రౌన్ పేర గ్రంథాలయం లేచింది. అది లేవడం నాకు సంతోషమే. దాని పక్కన ఈ లేఖకుల పేర్లు చెక్కిన రాయి ఒకటి ఉంటే ఇంకా సంతోషిస్తాను.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలననుకుంటాను. ఎల్లిస్ ఏజెంటేనమ్మా. కంపెనీ ఉప్పు తిని కంపెనీ పని చేసినవాడే. కాని జ్ఞానం ఎవరి అవసరం కోసం పుట్టిందో వాళ్ళ దగ్గరే ఉండిపోదు. సంస్కృతానికీ యూరపు భాషలకూ చుట్టరికం కలిపిన సిద్ధాంతాన్ని పాలకులూ వాడుకున్నారు, మన అగ్రవర్ణాలూ వాడుకున్నారు. అదే సిద్ధాంతాన్ని 1873లో జోతిబా ఫూలే తలకిందులు చేసి, బయటినుంచి వచ్చిన ఆర్యుల దోపిడీ కథగా శూద్రులకూ అతిశూద్రులకూ వినిపించాడు. ఎల్లిస్ నిరూపణ కూడా ఉద్యోగులకు భాష నేర్పే వ్యాకరణ పుస్తకంలో పుట్టి, మన భాష తన కాళ్ళ మీద నిలబడిందని చెప్పుకునే ధైర్యం మనకిచ్చింది. ఆయుధం ఎవరు చేశారన్నది తెలుసుకోవాలి. ఎవరి చేతిలో ఉందన్నది అంతకంటె ముఖ్యం.

నా ఉపన్యాసంలో తప్పు దొరలను తిట్టడం కాదు. వాళ్ళ పని అంతా వాళ్ళదే అని ఒప్పేసుకుని తిట్టడం. ఆ విధంగా నేను కూడా ఆ ఆక్స్‌ఫర్డ్ శిల్పాన్నే ఇంకోసారి చెక్కాను. నేలమీద కూర్చున్న ముగ్గురి పేర్లు నేనూ అడగలేదు.

పరిశోధక విద్యార్థులకు నా విన్నపం. జోన్స్ మీద, బ్రౌన్ మీద ఇంకో సిద్ధాంత వ్యాసం రాకపోయినా లోటు లేదు. మామిడి వెంకయ్య మీద, పట్టాభిరామశాస్త్రి మీద, కావలి సోదరుల మీద, మద్రాసు కాలేజీ జీతాల పట్టీలలో పేర్లుండి కథలు లేని మున్షీల మీద రాయండి. వాళ్ళందరినీ అమాయక బాధితులుగా చిత్రించవద్దు. వాళ్ళలో కులగర్వం ఉన్నవాళ్ళున్నారు, జనానికి తలుపులు మూసినవాళ్ళున్నారు. ఆ సంగతి కూడా రాయండి. జీతం ఎంత, ఎవరిచ్చారు, ఏం రాయించుకున్నారు, ఎవరి పేరు మీద అచ్చయింది, ఈ నాలుగు ప్రశ్నలూ ప్రతి పుస్తకాన్నీ అడగండి. మొన్న నన్నడిగినంత నిర్మొహమాటంగా అడగండి.